పొలం ఎవర్ని పిలుస్తోంది? – వ్యవసాయ శాఖ, పట్టా, దళిత సేద్యం

వ్యవసాయ శాఖ ఏం చేస్తుంది అంటే ఎవరైనా చెప్పే జవాబు ఒకటుంది. విత్తనాలిస్తుంది, ఎరువులకు ఏర్పాటు చేస్తుంది, తెగులొస్తే మందు చెప్తుంది, వానకు పంట పోతే లెక్క రాసుకుంటుంది. ఈ జవాబులో 'ఎవరికి' అన్న మాట వుండదు. అడిగితే 'రైతుకి' అంటారు. రైతంటే ఎవరు అని మళ్లీ అడిగితే మాత్రం వింతగా చూస్తారు. అందరికీ తెలిసిన మాటకి అర్థం అడగడమేందన్నట్టు. మేం ఇక్కడ అడగదల్చుకున్నది ఆ తెలిసిన మాట గురించే.

మా వాదన సూటిగా ఇదీ: తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ శాఖ పంటకి శాఖ కాదు, పట్టాకి శాఖ. పొలంలో దిగేవాళ్లు దాని లెక్కలో రైతులు కారు. కాగితంలో వున్నవాళ్లే రైతులు. పొలంలో దిగేవాళ్లలో దళితులు ఎక్కువ, కాగితంలో తక్కువ. కాబట్టి ఈ శాఖ నడక కులానికి సంబంధం లేని సాంకేతిక విషయం కాదు. అది విత్తనం సంచితో పాటు కులాన్నీ పంచుతూ వస్తోంది.

రైతు అనే మాట

'రైతు' పుట్టుకతో తెలుగు మాట కాదు. అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చిన 'రయ్యత్' దాని మూలం. అక్కడ దానికి పాలన కింద వున్న జనం అని అర్థం. ఆ లెక్కన మాల మాదిగలూ రయ్యత్తే, కాపూ కమ్మా రయ్యత్తే. మన్రో కాలపు రైత్వారీ పద్ధతి ఈ మాటను కుదించింది. సర్కారుకు నేరుగా శిస్తు కట్టేవాడే రైతు అయ్యాడు. శిస్తు కట్టేవాడి పేరు పట్టాలో వుంటుంది. పట్టాలో పేరుండే యోగ్యత ఊళ్లో ఏ కులాలకుందో వేరే చెప్పక్కర్లేదు. కోస్తాలో పాలేరు తన యజమానిని 'మా రైతు' అంటాడు. తెలంగాణలో సేద్యం చేయడాన్నే 'కాపుదనం' అంటారు. అంటే పని పేరే ఒక కులం పేరైపోయింది. దున్నేవాడు పాలేరు, జీతగాడు. దున్నించేవాడు రైతు. ఊరి భాషలోని ఈ తేడా సర్కారు భాషలోకి చెక్కు చెదరకుండా నడిచొచ్చింది.

స్వామినాథన్ కమిషన్ నివేదికల తర్వాత 2007లో వచ్చిన జాతీయ రైతు విధానం రైతు నిర్వచనాన్ని విశాలం చేసింది. కౌలుదార్లు, పాలికాపులు, వ్యవసాయ కూలీలు, పశువులు మేపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు అందరూ రైతులేనంది. నిర్వచనం కాగితం మీద అట్లనే వుంది. ఆ తర్వాత పదకొండేళ్లకు తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పుడు అడిగింది పట్టాదారు పాస్‌బుక్కే. 2019లో కేంద్రం పీఎం కిసాన్ తెచ్చినప్పుడు అడిగిందీ భూమి రికార్డే. డబ్బు పంచే చోట విశాలమైన నిర్వచనం పనికిరాలేదు. రైత్వారీ నిర్వచనమే పనికొచ్చింది.

'అన్నదాత' అనే మాటనూ ఇట్లానే చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో పథకానికే 'అన్నదాత సుఖీభవ' అని పేరు పెట్టారు. దాత అంటే ఇచ్చేవాడు. నాట్లేసి, కలుపు తీసి, కోతకోసి, కుప్పేసి, చివరికి కూలి తీసుకునే దళిత స్త్రీ ఆ లెక్కలో దాత కాదు, పుచ్చుకునే మనిషి. నడుం వంచిన మనిషికి ఆమె కూలిని దానంలాగా చూపించి, గట్టు మీద నిలబడ్డవాడిని దాతని చేసే ఈ భాష సంస్కృతం నుంచి ఊరికే రాలేదు.

ఒకే కాన్పులో రెండు శాఖలు

1876-78 కరువులో దక్షిణాదిన లక్షల మంది చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్లలో మొదటి వరసలో వున్నది భూమి లేని కూలి జనం. ఆ కరువు మీద వేసిన కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికతోనే రాష్ట్రాలకు వ్యవసాయ శాఖలు వచ్చాయి. మద్రాసులో 1882లో వచ్చింది. ఆ కాలంలో వ్యవసాయం, భూమి రికార్డులు ఒకే గూటి కింద వుండేవి. కూలోళ్ల చావుల్లోంచి పుట్టిన శాఖ కూలోళ్ల వైపు చూడకుండా రికార్డుల వైపు చూసింది. తర్వాత కాలంలో ఆ రెండూ వేరుపడ్డాయి గానీ బొడ్డు తాడు తెగలేదు. ఇవాళ్టికీ రెవెన్యూ శాఖ ఇచ్చిన పేర్ల జాబితానే వ్యవసాయ శాఖకు రైతుల జాబితా.

మరి దళితుల సంగతి ఏ శాఖ చూసింది? 1920లో మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్ని పెట్టి, పంచముల బాగోగులు ఆయనకు అప్పగించింది. ఇళ్ల స్థలాలు, బావులు, బడులు, బంజరు పట్టాలు అన్నీ ఆ దారినే. అంటే భూమి ఇచ్చే సందర్భంలో కూడా దళితుడు వ్యవసాయ శాఖకు చెందినవాడు కాడు, లేబర్ శాఖ మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక లేబర్ పోయి హరిజన సంక్షేమం వచ్చింది, తర్వాత సాంఘిక సంక్షేమం వచ్చింది. 1974లో ఎస్సీ సహకార ఆర్థిక సంస్థ వచ్చింది. గేదె కావాలన్నా, బోరు కావాలన్నా, ఎడ్ల జత కావాలన్నా దళితుడు ఎస్సీ కార్పొరేషన్ గుమ్మం దగ్గర నిలబడాలి. అదే బోరు, అదే ఎడ్లు మిగతా కులాలకు వ్యవసాయం. దళితుడికి మాత్రం సంక్షేమం. ఒకళ్లది ఉత్పత్తి, ఇంకొకళ్లది ఉద్ధరణ.

ఇది ఆఫీసుల ఏర్పాటు కాబట్టి పెద్ద విషయం కాదని కొందరనొచ్చు. మేం అట్లా అనుకోవడం లేదు. ఊరు, వాడ వేరుగా వున్నట్టే సచివాలయంలో కూడా రెండు శాఖలు వేరుగా వున్నాయి. వ్యవసాయ శాఖ ఊరుది. సంక్షేమ శాఖ వాడది. 2014 ఆగస్టు 15న తెలంగాణలో భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలిచ్చే పథకం మొదలుపెట్టినప్పుడు కూడా దాన్ని వ్యవసాయ పథకం అనలేదు. ఎస్సీ కార్పొరేషన్ చేతిలో పెట్టారు. ఏళ్లు గడిచినా అది దాదాపు ఏడు వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. ఆగిపోయినందుకు వ్యవసాయ శాఖను అడిగినవాళ్లెవరూ లేరు. అది దాని పని కాదు కదా!

బలమున్నవాడికే ప్యాకేజీ

ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణులు 1959లో దేశపు తిండి కొరత మీద ఒక నివేదికిచ్చారు. దాన్నిబట్టి 1960-61లో దేశం మొత్తం మీద ఏడు జిల్లాల్లో 'ప్యాకేజీ ప్రోగ్రాం' మొదలైంది. మన దగ్గర ఎంచుకున్నది పశ్చిమ గోదావరి. ఎందుకంటే అక్కడ కాలవ నీళ్లు ఖాయం. మంచి విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకే చోట కుమ్మరిస్తే దిగుబడి పెరుగుతుందన్నారు. పెరిగింది కూడా. 1982లో మారుటేరు నుంచి స్వర్ణ వరి, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. గోదావరి, కృష్ణా డెల్టాల పేరు దేశమంతా తెలిసింది. దిగుబడి పెరగడం అబద్ధం అని మేం అనడం లేదు. పెరిగిన దిగుబడి ఎవరి గాదెలో పడిందన్నదే ప్రశ్న.

ఈ ప్యాకేజీ పుచ్చుకోవాలంటే పొలం వుండాలి, నీళ్లుండాలి, సొసైటీలో సభ్యత్వం వుండాలి, అప్పుకి పూచీ వుండాలి. ఈ నాలుగూ ఏ కులాల దగ్గర వున్నాయో శాఖ లెక్క వేయలేదు. వేయకుండానే ఆ కులాలకు చేరింది. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో 1970ల చివరినుంచి దేశంలో పాకిన 'ట్రైనింగ్ అండ్ విజిట్' పద్ధతి ఇంకో మెట్టు పైకెక్కింది. గ్రామ విస్తరణ ఉద్యోగి పదిహేను రోజులకొకసారి ఊరికొచ్చి అందర్నీ కలవడు. పదిమందిలో ఒకర్ని 'కాంటాక్ట్ రైతు'గా ఎంచుకుని ఆయన్ని కలుస్తాడు. ఆయన నుంచి మిగతావాళ్లకు తెలివి పారుతుందని నమ్మకం. పైన పోస్తే కిందికి పారుతుందన్నది నీళ్ల విషయంలో నిజమేమో గానీ మన ఊళ్లల్లో ఊరి అరుగు మీద నుంచి వాడకు ఏదీ పారదు. సైకిల్ మీద వచ్చిన ఆ ఉద్యోగి ఎవరింటి అరుగు మీద కూర్చున్నాడు, ఎవరింట్లో మంచినీళ్లు తాగాడు అన్నది విస్తరణ శాస్త్రం పుస్తకాల్లో కనబడదు. కానీ అసలు విస్తరణ అక్కడే తేలిపోయింది.

వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో వచ్చిన 'ఆదర్శ రైతు'లు కూడా ఆ కాంటాక్ట్ రైతుల తమ్ముళ్లే. నెలకి వెయ్యి రూపాయల గౌరవ వేతనం, చేతిలో పార్టీ జెండా. 2014లో రెండు రాష్ట్రాలూ ఆ పద్ధతిని తీసేశాయి. తెలంగాణలో 2017లో రైతు సమన్వయ సమితులొచ్చాయి, 2020 తర్వాత 2,601 రైతు వేదికలు లేచాయి. పేర్లు మారాయి. వేదిక మీద కూర్చున్నవాళ్ల కులం మాత్రం పెద్దగా మారలేదు.

పచ్చ విప్లవం ఇచ్చిన మిగులు ఊరికే వుండలేదు. రైసు మిల్లైంది, సినిమా హాలైంది, కాంట్రాక్టైంది, శాసనసభ సీటైంది. దాంతో పాటు అహంకారం కూడా పెరిగింది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద పడ్డ దాడి, 1991 ఆగస్టు 6న చుండూరులో మాలల మీద పడ్డ దాడి రెండూ కాలవ కింద పొలాలున్న ఊళ్లలోనే జరిగాయి. ఈ హత్యలకు వ్యవసాయ శాఖ కారణమని మేం తేలిగ్గా ముడిపెట్టడం లేదు. కానీ సర్కారు డబ్బుతో ఒక కులపు చేతికి దశాబ్దాల పాటు బలం ఎక్కించి, ఆ చేతికింద పనిచేసే కులానికి ఏమీ ఇవ్వకుండా వుంటే ఊళ్లో ఏం జరుగుతుందో ఆలోచించాల్సిన బాధ్యత ఆ శాఖకు లేదా? 'ఎకరాకి ఎన్ని బస్తాలు' అన్న లెక్క తప్ప ఇంకో లెక్క వేయకపోవడం కూడా రాజకీయమే.

మోట, నీరటి, కలుపు

శాఖ దృష్టిలో దళితులకు పొలం తెలీదు. తెలుసుకోవాల్సిన జ్ఞానం యూనివర్సిటీలో పుట్టి, శాఖ గొట్టంలోంచి రైతుకి చేరి, రైతు చెప్పింది కూలోడు చేయాలి. మనం కొంచెం వెనక్కి చూద్దాం.

కరెంటు మోటార్లు రాకముందు తెలంగాణ, రాయలసీమల్లో బావి కింద సేద్యం మోట మీదే నడిచింది. మోట తోలుది. లందలో తంగేడు చెక్కతో తోలును ఊనబెట్టి, నీరు కారకుండా కుట్టి, ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు నూనె పట్టించాలో తెలిసినవాడు మాదిగ. తొండం, వారు, ఎడ్ల మెడపట్టెలు అన్నీ ఆయన చేతివే. అందుకు కళ్లంలో మేర దొరికేది. తక్కువే కావచ్చు, అవమానంతో కలిసి వుండొచ్చు, కానీ పంటలో వాటా. చెరువు కింద నీరటికాడు, చాలా ఊళ్లల్లో మాలాయన, తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత తడివ్వాలో, కట్ట ఎక్కడ జారుతుందో తెలిసిన మనిషి. ఆయన గట్టు మీద లేకపోతే ఆయకట్టు ఎండుతుంది. ఇది వ్యవసాయ శాస్త్రం కాకపోతే ఏది?

ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు అప్పు మీదా సబ్సిడీ మీదా వచ్చాయి. బావి వున్నవాడికి వచ్చాయి. మోట పోయింది. మోటతో పాటు మేర పోయింది. మోటార్ రావద్దని మేం అనడం లేదు, లందలోకి మళ్లీ దిగమని ఏ మాదిగకూ చెప్పబోం. మా ప్రశ్న వేరు. ఒక కులానికి కొత్త యంత్రం కొనిపెట్టిన సర్కారు, ఆ యంత్రం వల్ల పంటలో వాటా పోగొట్టుకున్న కులానికి ఏమిచ్చింది? ఆ లెక్క ఏ శాఖ దగ్గరా లేదు. వాటాదారు కూలోడు అయిపోవడం అనే ఇంత పెద్ద మార్పుని మన వ్యవసాయ చరిత్ర 'అభివృద్ధి' అని ఒక్క మాటలో దాటేసింది.

కలుపు సంగతి చూడండి. జహీరాబాద్ చుట్టుపక్కల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో వున్న స్త్రీలు, ఎక్కువమంది దళితులు, జొన్న, కొర్ర, సామ, కంది కలిపి చల్లే పొలాన్నీ, ఇంట్లో బుట్టల్లో దాచే విత్తనాన్నీ నిలబెట్టారు. వాళ్లు పొలంలో తుమ్మికూర, గునుగుకూర, దొగ్గలికూర ఏరుకుంటారు. ఎవరూ విత్తకుండా వచ్చే ఈ కూరలు కూలి దొరకని రోజు తిండి. శాఖ పుస్తకంలో వీటి పేరు కలుపు. కలుపు మందు కొడితే ఒకే దెబ్బకు మూడు పోతాయి: కూర, కలుపు తీసే కూలి, ఆ కూలి మీద బేరమాడే శక్తి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేదలకు మేలు జరిగింది నిజమే. కానీ మెట్ట పంటల వైపు శాఖ చూపు అప్పటికే లేదు, ఆ తర్వాత ఇంకా పోయింది. ఈ స్త్రీలు 1990ల మధ్యలోనే జొన్నలు, చిరుధాన్యాలతో సొంత రేషన్ నడిపి చూపించారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమన్నాక మన శాఖలు కూడా పోస్టర్లేశాయి. నిన్నటిదాకా 'పేదోళ్ల తిండి' అన్నది పోస్టర్ ఎక్కగానే 'పోషకాహారం' అయిపోయింది. పండించిన చేతుల కులం ఆ పోస్టర్లో ఎక్కడా లేదు.

చట్టాల్లో కౌలుదారు

ఇప్పుడు కౌలు దగ్గరకొద్దాం. దళితులు పొలం పట్టుకోవాలంటే ఎక్కువమందికి మిగిలిన దారి అదే. పెద్ద కులాలవాళ్లు పట్నం చేరి, పిల్లలు అమెరికా చేరి, పొలం మాత్రం ఊళ్లో వుంది. దున్నేది కౌలుదారు. డెల్టాలో ఎకరాకి ముప్పై బస్తాల దాకా ముందే మాట్లాడుకుని, తుపానొచ్చినా కట్టాల్సిన కౌలు.

రాజ్యం ఇతన్ని ఏమని పిలుస్తోందో చూడండి. 2004లో వేసిన జయతీ ఘోష్ కమిషన్ కౌలుదార్లను గుర్తించి నమోదు చేయాలని చెప్పింది. 2011లో చట్టం వచ్చింది. దాని పేరులో కౌలుదారు లేడు, 'లైసెన్సు పొందిన సాగుదారు' వున్నాడు. కౌలుదారు అంటే పాత కౌలు చట్టాల కింద హక్కు అడుగుతాడని భయం. లైసెన్సు అంటే అనుమతి. అనుమతి ఇచ్చినవాడు తీసుకోవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం 'పంట సాగుదారు హక్కుల' చట్టం. హక్కు పంట మీద, భూమి మీద కాదు. అదీ పదకొండు నెలలకి. అదీ ఆసామి సంతకం పెడితే. ఆ ఏడాదే మొదలైన రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు కూడా ఏడాదికి 13,500 రూపాయలిస్తామన్నారు. కౌలుదారుణ్ణి, అందులోనూ కులాన్ని గుర్తించిన అడుగు కాబట్టి మేం దాన్ని తక్కువ చేయం. కానీ తాళంచెవి ఆసామి జేబులోనే వుంచారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం. సంతకం అడిగితే కౌలు పోతుందేమోనని దళితుడి భయం. ఈ రెండు భయాల మధ్య ఎంతమందికి కార్డు అందుతుందో ఊళ్లల్లో తిరిగేవాళ్లెవరికైనా తెలుసు.

తెలంగాణ ఇంకో దారి పట్టింది. 2011 చట్టాన్ని పక్కన పడేసింది. పాత పహాణీలో 'అనుభవదారు' అని ఒక కాలమ్ వుండేది. నిజంగా దున్నేవాడి పేరు ఎప్పుడో ఒకప్పుడు అక్కడ ఎక్కే వీలుండేది. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన, 2020లో వచ్చిన ధరణి ఆ కాలమ్‌నే తీసేశాయి. మనిషిని పొలంలోంచి తీసేయనక్కర్లేదు, కాలమ్‌లోంచి తీసేస్తే చాలు. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరాకి సీజన్‌కి 4,000, మరుసటి ఏడు నుంచి 5,000. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు. కౌలుదారుకి ఒక్క రూపాయీ లేదు. అది ఆసామికీ కౌలుదారుకీ మధ్య వ్యవహారమన్నారు. అదే ఏడు ఆగస్టులో వచ్చిన రైతుబీమా చనిపోయిన రైతు కుటుంబానికి అయిదు లక్షలిస్తుంది. అదీ పట్టా వుంటేనే. రైతు స్వరాజ్య వేదిక 2018లో ఆత్మహత్యలు జరిగిన 692 కుటుంబాల వివరాలు సేకరిస్తే అందులో 520 మంది కౌలుదార్లు. 2022లో అదే సంస్థ 34 ఊళ్లల్లో 7,744 మంది సాగుదార్లను లెక్కిస్తే 2,753 మంది కౌలుదార్లు. అంటే పొలంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా, ఆత్మహత్యల్లో నలుగురిలో ముగ్గురు. బతికున్నప్పుడు రైతు కానివాడు చచ్చిపోయినప్పుడు కూడా రైతు కాలేకపోయాడు.

ఒక ఎకరం, ఒక కుటుంబం

ప్రభుత్వం మారింది. 2025 జనవరి 26న తెలంగాణలో రెండు పథకాలు ఒకేరోజు మొదలయ్యాయి. ఒకటి రైతు భరోసా: ఎకరాకి ఏడాదికి 12,000 రూపాయలు. రెండోది ఇందిరమ్మ ఆత్మీయ భరోసా: భూమి లేని కూలి కుటుంబానికి, ఉపాధి హామీలో 2023-24లో కనీసం ఇరవై రోజులు పనిచేసి వుంటే, ఏడాదికి 12,000 రూపాయలు. భూమి లేని కూలీకి నేరుగా డబ్బివ్వాలన్న ఆలోచన రావడం మంచిదే. కానీ అంకెలు పక్కపక్కన పెట్టి చదవండి. అక్కడ ఒక ఎకరం. ఇక్కడ ఒక కుటుంబం. రెండింటికీ ధర ఒకటే. పదెకరాల ఆసామికి లక్షా ఇరవై వేలు. నలుగురు రెక్కలు ముక్కలు చేసుకునే ఇంటికి పన్నెండు వేలు. నలుగురు మనుషులు కలిసి ఒక ఎకరం మట్టితో సమానమని రాజ్యం లెక్క కట్టింది.

ఇంకో విషయం. పది గుంటల అసైన్డ్ భూమి వున్న దళిత కుటుంబం తీసుకోండి. పది గుంటలంటే పావు ఎకరం. రైతు భరోసా కింద ఏడాదికి మూడు వేలొస్తుంది. భూమి వుంది కాబట్టి ఆత్మీయ భరోసా రాదు. అంటే దశాబ్దాల కింద పోరాడి తెచ్చుకున్న పట్టా ముక్క ఆ కుటుంబానికి ఇప్పుడు తొమ్మిది వేల నష్టం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, ఎస్సీలది 0.78 హెక్టార్లు, అంటే రెండెకరాలు కూడా లేదు. సగటు కింద వుండే గుంటల లెక్కవాళ్లు రైతులుగా సగమూ కారు, కూలీలుగా అసలే కారు.

ఈ రెండు పథకాల డబ్బు ఒకే శాఖ నుంచి రాదు కూడా. రైతు భరోసా వ్యవసాయ శాఖది. కూలీల భరోసా గ్రామీణాభివృద్ధి శాఖది. 1920 నాటి గీత చెరగలేదు. వ్యవసాయ శాఖ కాగితాల్లో కూలీ కనబడేది ఒకే ఒక చోట, సాగు ఖర్చుల పట్టికలో. విత్తనం ఇంత, ఎరువు ఇంత, కూలి ఇంత. కూలి పెరిగితే 'కూలీల కొరత', 'ఖర్చు భారం'. దానికి మందు యంత్రం. కోత మిషన్‌కి సబ్సిడీ, నాటు యంత్రానికి సబ్సిడీ. మందు కొట్టే కూలీ ముక్కుకి కట్టుకునే గుడ్డకి మాత్రం ఎవరి పద్దులోనూ చోటు లేదు.

ఉప ప్రణాళిక అనే కప్పు

ఇట్లా అంటే శాఖవాళ్లు లెక్కలు చూపిస్తారు. ఎస్సీ ఉప ప్రణాళిక కింద ఇంత ఖర్చు పెట్టామంటారు. 2013లో పోరాడి తెచ్చుకున్న ఆ చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు పక్కన పెట్టమంది. కానీ అందరికీ ఇచ్చే పథకంలో ఎస్సీలకు చేరిన భాగాన్ని కూడా ఉప ప్రణాళిక ఖర్చుగా చూపుకోడానికి దారి వదిలింది. తెలంగాణ 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చాక రైతుబంధులో ఎస్సీ పట్టాదార్లకు వెళ్లిన సొమ్ము కూడా ఆ ఖాతాలో లెక్కకొచ్చింది. ఆసామికి అందరితో సమానంగా రైతుబంధు వస్తే అది రైతు హక్కు. దళిత పట్టాదారుకి అదే వస్తే అది దళితాభివృద్ధి. మామూలుగా రావాల్సింది ఇచ్చి, ప్రత్యేకంగా ఇవ్వాల్సింది ఇచ్చేసినట్టు రాసుకోవడమిది. కొత్తగా ఒక్క దళితుడు కూడా భూమిలోకి రాకుండానే దళితుల కోసం ఖర్చు పూర్తవుతుంది.

మూడు అభ్యంతరాలు

మొదటిది: భూమి పంచడం వ్యవసాయ శాఖ పని కాదు, రెవెన్యూ పని. నిజమే. కానీ సాగు చేసేవాణ్ణి గుర్తించడం ఎవరి పని? తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారులు సర్వే నంబరు వారీగా ఏ చేలో ఏ పంట వుందో సీజన్ సీజన్‌కీ నమోదు చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు వుంది. చేలో పత్తి వుందో వరి వుందో తెలిసిన శాఖకు ఆ చేలో ఎవరున్నారో తెలీదంటే నమ్మాలా? మొక్కకు దొరికిన గుర్తింపు మనిషికి దొరకలేదు. 2020 వానాకాలంలో 'నియంత్రిత సాగు' అని మక్క వేయొద్దని ఇదే శాఖ చేత చెప్పించారు. ఏం విత్తాలో ఆజ్ఞ కౌలుదారు మీద, సాయం ఆసామికి. ఆ విధానాన్ని ఆ ఏడాది చివరికే వదిలేశారు గానీ అది చూపించిన తీరు మాత్రం నిలిచే వుంది.

రెండోది: శాఖలో దళిత అధికారులు కూడా వున్నారు కదా. వున్నారు. రిజర్వేషన్ తెచ్చిన ఆ ఉద్యోగాలు మాకు విలువైనవే. కానీ పాస్‌బుక్ అడగమని చెప్పే ఫారం మీద కూర్చున్నవాడి కులం మారితే ఫారం మారదు. కూలీ కొడుకు వ్యవసాయాధికారి అయ్యి, తన తండ్రిని రైతు కాదని రాయాల్సి రావడమే ఈ శాఖ విచిత్రం.

మూడోది మన మిత్రులనుంచే వస్తుంది. రైతునీ కూలీనీ విడదీయకండి, ఐక్యత దెబ్బతింటుందంటారు. విడదీసింది మేం కాదు. రైతు సంఘం వేరు, వ్యవసాయ కార్మిక సంఘం వేరు అని వామపక్షాలు కూడా సర్కారు శాఖల లెక్కనే నడిచాయి. గిట్టుబాటు ధర అడిగే సభలో కూలి రేటు ఊసు రాదు. ఐక్యత కావాలంటే ముందు వేదిక మీద అందరికీ కుర్చీ వుండాలి.

ఏం కావాలి

అంబేడ్కర్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో వ్యవసాయాన్ని రాజ్యపు పరిశ్రమగా చేయాలని, కుల మత భేదం లేకుండా ఊరి జనానికి సమిష్టి సాగుకివ్వాలని, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే మూడు రకాల మనుషులే లేకుండా పోవాలని ప్రతిపాదించాడు. రాజ్యాంగంలోకి అది రాలేదు. అంత దూరం పోవడానికి సిద్ధంగా లేని ప్రభుత్వాలు కూడా రేపే చేయగల పనులున్నాయి. వాటినే అడుగుతున్నాం.

సాగు చేసేవాళ్ల జాబితా ఏటా గ్రామ సభలో, వాడలో కూడా చదివి, ఆసామి సంతకంతో పని లేకుండా తయారు చేయాలి. ఆ జాబితానే సాయానికీ, బీమాకీ, నష్ట పరిహారానికీ ఆధారం కావాలి. ఎకరాల లెక్కన ఇచ్చే డబ్బుకి పరిమితి పెట్టాలి. మిగిలింది కూలి కుటుంబాలకు చేరాలి. గుంటల పట్టా వున్నవాళ్లకు రెండు పథకాల్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. యంత్రానికి సబ్సిడీ ఇచ్చే ప్రతి చోటా పోయే పని దినాల లెక్క కట్టి, ఆ యంత్రం యాజమాన్యం దళిత స్త్రీల సంఘాలకే ముందుగా ఇవ్వాలి. మందు కొట్టే కూలీల ఆరోగ్యం వ్యవసాయ శాఖ బాధ్యత అని రాసుకోవాలి. మామూలు పథకాల్లో వాటాను ఉప ప్రణాళిక ఖర్చుగా చూపే దారిని మూసేయాలి.

ఇవేవీ విప్లవాలు కావు. ఒక శాఖ తన పేరులో వున్న పనిని చేయమని అడగడమే. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ 2014 తర్వాత ఒక కార్యక్రమం నడిపింది, 2024లో మళ్లీ మొదలుపెట్టింది. దాని పేరు 'పొలం పిలుస్తోంది'. మంచి పేరు. పొలం పిలిస్తే తెల్లారకముందే సద్ది కట్టుకుని కదిలేది వాడే. ఎప్పుడూ వాడే. శాఖ పిలిచేటప్పుడు మాత్రం ఆ పేర్లు జాబితాలో వుండవు. పొలం పిలుపుకీ శాఖ పిలుపుకీ మధ్య ఎంత దూరం వుందో, మన ఊళ్లల్లో కులానికి అంత బలం వుంది. ఆ దూరాన్ని కొలవడం మా పని. తగ్గించడం శాఖ పని. తగ్గించేలా చేయడం మనందరి పని.